పదహారు గడుల కొంగ

ఆట తయారుచేద్దామని కూర్చున్న పిల్లలకు మొదటి అడ్డంకి కోడింగ్‌లో రాదు, బొమ్మ దగ్గర వస్తుంది. స్క్రాచ్, గోడో లాంటి ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో కొన్నాళ్లు కుస్తీ పడితే తెర మీద ఒక చతురస్రం అటూ ఇటూ నడుస్తుంది, గెంతుతుంది. ఆ చతురస్రం పోయి అక్కడికి ఒక మనిషో, పిట్టో, ఎద్దో రావాలి. అలా కదిలే చిన్న బొమ్మనే ఆటల భాషలో స్ప్రైట్ అంటారు. దాన్ని దేంట్లో గీయాలని అడిగితే బాన్సువాడలాంటి ఊళ్లో ముందుగా వినపడే పేరు ఫోటోషాప్. ఫ్లెక్సీలూ పెళ్లిపత్రికలూ చేసే డీటీపీ సెంటర్లలో అందరూ చూసేది అదే కాబట్టి ఆ జవాబు సహజమే. కానీ అది ఫొటోలు దిద్దడానికి పుట్టిన పనిముట్టు, పైగా డబ్బు కట్టి వాడాల్సింది. దొంగ కాపీ వేసుకుని, వైరస్‌లు తెచ్చుకుని, వంద మెనూల మధ్య తప్పిపోవాల్సిన అవసరం ఏ పిల్లవాడికీ లేదు.

స్ప్రైట్ గీయడం ఒక విద్య. దానికి నలభై ఏళ్లు దాటిన సంప్రదాయం ఉంది, ఆ సంప్రదాయానికి సొంత పనిముట్లూ ఉన్నాయి. తొంభైల్లో మన జిల్లాల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లకు ప్రిన్స్ ఆఫ్ పర్షియా గుర్తుండే ఉంటుంది. 1989లో జోర్డాన్ మెక్నర్ ఆపిల్ టూ కంప్యూటర్ కోసం చేసిన ఆట అది. తమ్ముణ్ణి పరుగెత్తించి, గెంతించి వీడియో తీసి, ఆ కదలికను ఒక్కో ఫ్రేమూ ఆనవాలు పట్టి బొమ్మలుగా మార్చుకున్నాడు. అందుకే ఆ రాకుమారుడు అంచు పట్టుకుని వేలాడితే మన చేతులు లాగినట్టు ఉండేది. తీరా చూస్తే మెమరీ అంతా రాకుమారుడి బొమ్మలకే అయిపోయింది, శత్రువును గీయడానికి చోటు లేదు. అప్పుడు మెక్నర్ అవే ఫ్రేములను కొద్దిగా పక్కకు జరిపి, ఒకదాని మీద ఒకటి లెక్కకట్టి, మిణుకుమిణుకుమనే ఒక నీడమనిషిని పుట్టించాడు. అద్దంలోంచి దూకి వచ్చే ఆ నీడ లేకపోతే ఆ కథే లేదు. చోటు చాలకపోవడం ఇంత మంచి పాత్రను ఇచ్చిన సందర్భాలు నాకు ఎక్కువ తెలియవు.

మారియో సంగతీ అంతే. 1981లో డాంకీ కాంగ్ కోసం షిగెరు మియామోటో ఆ బొమ్మను చేసినప్పుడు చేతిలో ఉన్నవి అడ్డంగా పదహారు, నిలువుగా పదహారు గడులు, అంటే పిక్సెళ్లు. అంత చిన్న ముఖంలో నోరు కనపడదు, అందుకని మీసం పెట్టాడు. గెంతినప్పుడు జుట్టు ఎగరడం గీయలేం, అందుకని టోపీ. చొక్కాకో రంగు, మీది దుస్తుకో రంగు వేస్తే చేతులు ఊగడం తెలుస్తుంది. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ ముఖంలో అలంకారమంటూ ఏమీ లేదు, ప్రతి గడికీ ఒక కారణం ఉంది.

ఈ పనికి తొలి గొప్ప పనిముట్టు 1985లో వచ్చిన డీలక్స్ పెయింట్. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌లో డాన్ సిల్వా అమీగా కంప్యూటర్‌కు రాశాడు. గడిని పెద్దదిగా చూపించడం, కొద్ది రంగుల పళ్లెం పక్కన పెట్టుకుని గీయడం అక్కడే స్థిరపడ్డాయి. ఇవాళ స్ప్రైట్‌ల కోసమే చేసిన సాఫ్ట్‌వేర్లన్నీ ఆ దారిలోనివే. కాబట్టి ఏది ఎంచుకున్నా చూడాల్సినవి నాలుగు. పెన్సిల్ పెడితే సరిగ్గా ఒక్క గడే నిండాలి, పక్క గడుల్లోకి మసక పాకకూడదు. రంగుల పళ్లెం పరిమితంగా ఉండి, అందులో ఒక రంగు మారిస్తే బొమ్మంతా మారాలి. ముందు ఫ్రేము పలచగా కనపడుతుండగా తర్వాతి ఫ్రేము గీసే వీలుండాలి, దీన్నే ఆనియన్ స్కిన్ అంటారు. చివరికి ఫ్రేములన్నీ ఒకే షీట్‌గా, వెనక ఖాళీ పారదర్శకంగా, పీఎన్‌జీ ఫైలుగా బయటికి రావాలి.

ఈ నాలుగూ పెట్టి చూస్తే మొదటి నెలకు నా ఓటు పిస్కెల్‌కే. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పాత కంప్యూటర్‌కూ బరువు కాదు. తెరిచిన పది నిమిషాల్లో బొమ్మ కదులుతుంది, పిల్లలకు ఆ పది నిమిషాలే ముఖ్యం. రంగుల పళ్లెం విషయంలో మాత్రం అది కాస్త బలహీనం. చేయి తిరిగాక లిబ్రెస్ప్రైట్‌కు వెళ్లాలి. ఈ రంగంలో అందరూ మెచ్చే ఆస్‌ప్రైట్‌కు అది తోబుట్టువు. 2016లో ఆస్‌ప్రైట్ లైసెన్సు మారినప్పుడు, అంతకుముందటి స్వేచ్ఛా కోడ్‌ను తీసుకుని కొందరు దీన్ని నిలబెట్టారు. డబ్బు పెట్టగలిగితే ఆస్‌ప్రైట్ కొనుక్కోండి, ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. పిక్సెలొరామా కూడా ఉచితమే. అది గోడో ఇంజిన్‌తోనే తయారైంది కాబట్టి గోడో నేర్చుకుంటున్నవాళ్లు చూడాల్సిందే. గింప్ మంచి సాఫ్ట్‌వేరే, కానీ అందులో బ్రష్ వదిలి పెన్సిల్ పట్టుకోవాలి, సైజు పెంచేటప్పుడు గడుల మధ్య రంగులు కలిపేసే ఇంటర్‌పొలేషన్ తీసేయాలి. కొత్తవాళ్లు ఈ రెండూ మరచిపోయి మసకబారిన బొమ్మతో తల పట్టుకుంటారు. కృత చక్కని చిత్రాలకు సరే, తక్కువ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌కు మాత్రం భారం.

పనిముట్టు కుదిరింది, ఇక ఏం గీద్దాం? నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చి, బాన్సువాడ చుట్టూ మళ్లు దున్నుతుంటే ట్రాక్టర్ వెనకాల పురుగుల కోసం నడిచే తెల్లకొంగను తీసుకుందాం. పదహారు గడుల చతురస్రం, నాలుగు రంగులు: తెలుపు, నీలం కలిసిన బూడిద, పసుపు, ముదురు గోధుమ. ఒంటికి ఏడు గడుల పొడవు, నాలుగు గడుల ఎత్తు చాలు. ముక్కు రెండు పసుపు గడులు, కన్ను ఒక్క గడి, కాళ్లు ఒక్కో గడి వెడల్పు. కష్టమంతా మెడ దగ్గరే. వంపులో గడుల వరసలు 3, 2, 1, 2, 3 అని క్రమంగా మారితే మెడ నున్నగా ఉంటుంది. 3, 1, 2 అయిందా, మెడ విరిగినట్టుంటుంది. బూడిద రంగు పొట్ట కింద, రెక్క కింద మాత్రమే పడాలి. చాలామంది అంచు చుట్టూరా నీడ పూసేస్తారు, అప్పుడు వెలుగు ఎటునుంచి వస్తోందో బొమ్మకే తెలియదు.

ఇక నడక. కొంగ నడుస్తున్నప్పుడు చూడండి: తల గాలిలో ఒకచోట ఆగిపోతుంది, ఒళ్లు ముందుకు వస్తుంది, తర్వాత తల చటుక్కున ముందుకు దూకుతుంది. ఆటలో బొమ్మను ముందుకు నడిపేది కోడ్ కాబట్టి ఫ్రేముల్లో ఒళ్లు నడిమధ్యే ఉండాలి. అంటే తల ఆగినట్టు కనపడాలంటే ఫ్రేముకో గడి చొప్పున వెనక్కి జరపాలి, నాలుగో ఫ్రేములో మూడు గడులు ముందుకు తేవాలి. నేల మీద ఆనిన కాలు కూడా అలాగే వెనక్కి జరగాలి. కోడ్‌లో ఒక్కో ఫ్రేముకు కొంగ ఒక్క గడి ముందుకు పోతే పాదం నేలకు అంటుకుని ఉంటుంది, ఎక్కువ పోతే జారుతుంది. ఆనియన్ స్కిన్ ఉన్న సాఫ్ట్‌వేర్ కావాలని పట్టుబట్టింది ఇందుకే. ముందటి తల ఎక్కడుందో కనపడకుండా ఒక్క గడి లెక్క ఎవరికీ అందదు.

అన్ని బొమ్మలూ ఇలా ఫ్రేము తర్వాత ఫ్రేము గీయక్కర్లేదు. పెద్ద బొమ్మ కావాలనుకుంటే మనవాళ్లకు ఇంకో దారి ఎప్పట్నుంచో తెలుసు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో చేసే తోలుబొమ్మల్లో చేతులూ కాళ్లూ విడివిడిగా కోసి, కీళ్ల దగ్గర దారంతో కడతారు. ఆ కళకే దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటల్లో కీళ్ల బొమ్మలు సరిగ్గా ఈ పద్ధతే: భుజం, మోచేయి, మణికట్టు వేరువేరు ముక్కలుగా గీసి ఇంజిన్‌లో కలుపుతారు. ముక్కలు గీయడానికి ఇంక్‌స్కేప్ సరైనది, ఉచితం కూడా. గీతలు లెక్కల రూపంలో ఉంటాయి కాబట్టి ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు.

దాచుకునే తీరు గురించి ఒక మాట. జేపీజీగా మాత్రం ఎప్పుడూ దాచకండి. అది అంచుల చుట్టూ మురికి పూస్తుంది, పారదర్శకతను ఉంచుకోదు. గోడోలోకి తెచ్చాక టెక్స్‌చర్ ఫిల్టర్‌ను నియరెస్ట్‌కు మార్చాలి, లేకపోతే ఇంత కష్టపడి పెట్టిన గడులన్నీ తెర మీద కరిగిపోతాయి.

గీయడం వచ్చేదాకా నెట్‌లో మారియో బొమ్మలు తీసి పెట్టుకుంటామంటారు కొందరు. ఇంట్లో సాధనకు సరే, ఆటను పదిమందికీ ఇవ్వాలంటే అవి వేరొకరి ఆస్తి. ఓపెన్‌గేమ్‌ఆర్ట్‌లో లైసెన్సు చూసుకుని తీసుకోవచ్చు. కెన్నీ అనే డచ్ కళాకారుడు తన బొమ్మల మూటలను ఏ షరతూ లేకుండా వదిలేశాడు. వాటిలో కోటలున్నాయి, కత్తులున్నాయి, అంతరిక్ష నౌకలున్నాయి. కాలువ గట్టు మీద బోరు స్టార్టర్ డబ్బా, టైర్ల ఎడ్లబండి, రోడ్డంచున ఆరబోసిన వడ్లు, వడ్ల మీద వాలే పిచ్చుకల గుంపు కావాలంటే మాత్రం గీయాల్సింది ఇక్కడి పిల్లలే.