గ్రహచిత్ర పరిష్కరణ: ఔత్సాహికుల కృషి - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

తాళపత్ర ప్రతిలోని కావ్యం ఉన్నదున్నట్లుగా అచ్చుకెక్కదు. పరిష్కర్త ప్రతులను పోల్చి, లేఖక దోషాలను సవరించి పాఠాన్ని నిర్ణయిస్తాడు. తాను స్వీకరించని పాఠాంతరాలను అధోజ్ఞాపికల్లో చూపుతాడు. అంతరిక్ష నౌకలు బాహ్యగ్రహాల నుండి పంపే చిత్రాలకూ ఇటువంటి పరిష్కరణ అవసరం. నేడు ఆ పనిలో చెప్పుకోదగిన భాగాన్ని ఔత్సాహికులు నిర్వహిస్తున్నారు. వారి చిత్రాలకు సౌందర్యం ఒక్కటే గీటురాయి కారాదని, చేసిన మార్పులను నమోదు చేసిన తీరే ప్రధాన ప్రమాణం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

హైదరాబాదు పూర్వరంగం:

ఈ ప్రమాణానికి ఆధారం హైదరాబాదు చరిత్రలోనే ఉంది. నేటి జల్‌పల్లికి ఉత్తరాన ఉన్న ఫిసల్‌బండలో నవాబు జఫర్ జంగ్ 1901లో స్వంత వేధశాలను నెలకొల్పాడు. ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించాడు. ఒక ఔత్సాహికుని అభిరుచిగా మొదలైన ఈ నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. అనంతరం బేగంపేటకు తరలి, ఆకాశాన్ని ఛాయాచిత్రాల ద్వారా కొలిచే అంతర్జాతీయ నక్షత్రపట్టిక ప్రణాళికలో పాలుపంచుకుంది. ఆ సంపుటాల్లో ఛాయాఫలకాలపై కొలిచిన అంకెలను యథాతథంగా ప్రచురించారు. అందువల్లనే 1990లలో అమెరికా నౌకాదళ వేధశాల ఇతర కేంద్రాల కొలతలతో పాటు హైదరాబాదు కొలతలనూ కొత్తగా గణించి వాడుకోగలిగింది.

జూనోక్యామ్ - రెండు రకాల సవరణలు:

2016 జులైలో గురుగ్రహ కక్ష్యలో ప్రవేశించిన జూనో నౌకలోని జూనోక్యామ్‌ను ప్రధానంగా ప్రజల భాగస్వామ్యం కోసం అమర్చారు. నౌక నిమిషానికి సుమారు 2 సార్లు తన చుట్టూ తాను తిరుగుతుండగా, ఈ కెమెరా వేర్వేరు వర్ణ వడపోతల ద్వారా దృశ్యాన్ని సన్నని పట్టీలుగా గ్రహిస్తుంది. ఆ ముడి పట్టీలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. నౌక భ్రమణాన్ని గణించి వాటిని అతకడం లేఖక దోషాన్ని సవరించడం వంటిది. దాని తప్పొప్పులను ఎవరైనా పరీక్షించవచ్చు. వర్ణాలను గాఢం చేయడం మాత్రం వ్యాఖ్యానం. గెరాల్డ్ ఐక్‌స్టాట్, షాన్ డోరన్ కలిసి రూపొందించిన చిత్రాల్లో ఈ రెండూ కలగలిసి ఉంటాయి. కంటికి లేతగా కనిపించే మేఘాల సుడులు వర్ణాల గాఢత వల్లనే స్పష్టమవుతాయి కనుక ఈ వ్యాఖ్యానం దోషం కాదు. అయితే దానిని మూలపాఠంగా చూపడం దోషమే.

నెప్ట్యూన్ పాఠం:

ఈ దోషం ఔత్సాహికులకే పరిమితం కాదు. 1989 ఆగస్టులో వాయేజర్ 2 తీసిన నెప్ట్యూన్ చిత్రాల్లో మేఘాలు స్పష్టపడేందుకు నీలిరంగును శాస్త్రజ్ఞులే పెంచారు. ఆ సంగతి నాటి చిత్ర వివరణల్లో ఉంది. కాలక్రమంలో వివరణ జారిపోయి, ముదురు నీలమే ఆ గ్రహపు సహజవర్ణంగా స్థిరపడింది. నెప్ట్యూన్ కూడా యురేనస్ వలెనే లేత ఆకుపచ్చ నీలంలో ఉంటుందని 2024లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పాట్రిక్ ఇర్విన్ బృందం నిరూపించింది. అధోజ్ఞాపికలు లేని ముద్రణలో పాఠాంతరమే మూలమై కూర్చున్నట్లయింది.

ముగింపు:

కనుక పరిష్కర్త ఔత్సాహికుడా, వృత్తి శాస్త్రజ్ఞుడా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ముడి చిత్రపు సంఖ్య, వాడిన వడపోతలు, వర్ణాలను పెంచిన మేర చిత్రంతో పాటు ఉన్నాయా అన్నదే చూడవలసింది. తెలుగు పాఠ్యపుస్తకాలూ పత్రికలూ గ్రహచిత్రాల కింద పరిష్కర్త పేరునూ, వర్ణాలు సహజమో పెంచినవో తెలిపే ఒక వాక్యాన్నీ ముద్రిస్తే, విద్యార్థి గ్రహాన్నీ దానిపై చేసిన వ్యాఖ్యానాన్నీ వేరుచేసి చూడగలుగుతాడు.