ప్రక్రియల పట్టికకు బయట

కళాశాలలో సాహిత్యపాఠం సాధారణంగా ఒక పట్టికతో మొదలవుతుంది. ఇతిహాసం, పురాణం, ప్రబంధం, శతకం. ఆ తర్వాత ఆధునిక ప్రక్రియలుగా కథ, నవల, నాటకం, వచన కవిత, వ్యాసం. ఒక్కొక్కదానికి ఒక నిర్వచనం, నాలుగు లక్షణాలు, ఇద్దరు ముగ్గురు ప్రసిద్ధుల పేర్లు. ఆలేరులో మొదటి సంవత్సరం విద్యార్థులకు నేనూ చాలా ఏళ్లు ఇలాగే చెప్పాను. పరీక్షలకు ఆ పట్టిక సరిపోయింది. సాహిత్యానికి సరిపోదని నాకు తెలియజెప్పింది ఒక విద్యార్థి ప్రశ్న.

"సార్, మా తాత చెప్పే ఒగ్గు కథ ఇండ్ల దేని కిందికొస్తది?"

"అది జానపదం, మన పాఠంలో లేదు" అని ముందుకు సాగిపోయాను. తర్వాత పరీక్షలో నాటక లక్షణాలు రాయమంటే అతడు ఒగ్గు కథనే ఉదాహరణగా తీసుకున్నాడు. ఒకే మనిషి కథ చెబుతాడు, పాడుతాడు, అంతలోనే ఎల్లమ్మయి మాట్లాడుతాడు, డోలు దెబ్బతో సన్నివేశం మారుతుంది అని రాశాడు. నేను మార్కులు కోసి, పక్కన "ఉదాహరణ తప్పు" అని ఎర్రసిరాతో రాశాను. ఆ జవాబు పత్రాల కట్టలో సొంతంగా ఆలోచించి రాసిన జవాబు అదొక్కటే.

ప్రక్రియల పేర్లు శాశ్వతమైనవని మనం నమ్మిస్తున్నాం. ఆ పేర్లు పెట్టిన వాళ్లకే అంత నమ్మకం లేదు. కథ వేరు, ఆఖ్యాయిక వేరు అని భామహుడు విభజిస్తే, అవి ఒకే జాతికి రెండు పేర్లని దండి కొట్టివేశాడు. కేవలం మాటలతో సాగే కళకు తమ భాషలో ఉమ్మడి పేరే లేదని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రం మొదట్లోనే ఒప్పుకున్నాడు. మన నవల సంగతీ అంతే. 1872లో వచ్చిన 'శ్రీరంగరాజ చరిత్ర'ను దాని రచయిత నరహరి గోపాలకృష్ణమ చెట్టి నవీన ప్రబంధమన్నాడు. 1878లో 'రాజశేఖర చరిత్ర' రాసిన కందుకూరి వీరేశలింగం దానిని వచన ప్రబంధమన్నాడు. 'నవల' అనే పేరు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి పెట్టగా తర్వాత స్థిరపడింది. అంటే రచన ముందు పుట్టింది, పేరు వెనక వచ్చింది. అచ్చుయంత్రం, పత్రిక, చదువుకున్న కొత్త మధ్యతరగతి, సంస్కరణోద్యమం కలిసి ఆ రూపాన్ని అవసరం చేశాయి. ఈ చరిత్రను వదిలేసి లక్షణాలను మాత్రమే వల్లె వేయిస్తే విద్యార్థికి మిగిలేది ఎముకల గూడు.

ఏ రూపానికి పీట వేయాలి, దేనిని గడప అవతల నిలపాలి అన్నది కూడా సమాజంలోని బలాబలాలే తేలుస్తాయి. వీరశైవానికి పేరుపడ్డ కొలనుపాక ఆలేరుకు దగ్గరలోనే ఉంది. ఆ శైవాన్ని సామాన్యుల నోటికి అందించడానికి పాల్కురికి సోమనాథుడు 'బసవపురాణా'న్ని ద్విపదలో రాశాడు. ఆ ద్విపదను పండితలోకం చాలాకాలం చిన్నచూపు చూసింది. నేడు ద్విపద పాఠ్యాంశమైంది. ఒగ్గు కథ ఇంకా గడప దగ్గరే ఉంది. జనగామ ప్రాంతపు ఒగ్గు కళాకారుడు చుక్క సత్తయ్యను (2017లో మరణించాడు) సంగీత నాటక అకాడమీ గుర్తించింది. సాహిత్య తరగతి మాత్రం ఆ కళను సాహిత్యంగా గుర్తించలేదు. తెలియక అనడానికీ వీల్లేదు. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్య పరిశోధన 1958లోనే గ్రంథంగా వెలువడింది.

ఈ ప్రాంతంలోనే మరో ఉదాహరణ ఉంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులను చేతబట్టి సంఘం మాటను పల్లెలకు చేర్చాడు. 'పల్లెటూరి పిల్లగాడా' పాటను 1980లో 'మా భూమి' సినిమా ద్వారా విన్నవారికి ఆయన వెనకున్న కళారూపాల సంపద అంతగా తెలియదు. రాత రాని రైతుకూలీకి రాజకీయం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన పట్టికలో ఉన్న ప్రక్రియ కోసం వెతకలేదు. ఊరి చెవికి అలవాటైన రూపంలో కొత్త వస్తువును నింపాడు.

అయితే జానపదమైనదంతా ప్రగతిశీలమని పొంగిపోనక్కరలేదు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథల్లో మూఢ విశ్వాసమూ ఉంది, స్త్రీల పట్ల పాత చూపూ ఉంది. వాటినీ విమర్శకు పెట్టాల్సిందే. కాని విమర్శించడానికైనా ముందు సాహిత్యమని ఒప్పుకోవాలి కదా! పట్టికను చింపేయమని కూడా నేననడం లేదు. కథకూ నవలకూ తేడా తెలియని విద్యార్థి రెండింటినీ సరిగా చదవలేడు. నిర్వచనాన్ని తీర్పుగా కాక ప్రశ్నగా ఉంచమని మాత్రమే నా వాదన.

ఇప్పుడు నేను పట్టిక కంటే ముందు నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాస్తున్నాను. ఎవరు చెబుతున్నారు? ఎవరికి? ఏ సందర్భంలో? ఎందుకు ఈ రూపంలోనే? ఈ ప్రశ్నలతో నవలనూ చదవవచ్చు, ఒగ్గు కథనూ చదవవచ్చు. అభ్యుదయ రచయితలమైన మనమూ ఇవే ప్రశ్నలు వేసుకోవాలి. మన పత్రికల్లోనూ శీర్షికలు కథ, కవిత, వ్యాసం దగ్గరే ఆగిపోతున్నాయి. సుద్దుల వారసులు ఎవరైనా తమ రచన పంపితే ఏ శీర్షిక కింద వేస్తాం?

ఆనాడు కోసిన మార్కులు ఇప్పుడు తిరిగి వేయలేను. ఆ జవాబును మాత్రం ఏటా కొత్త విద్యార్థులకు నాటక పాఠంలో మొదటి ఉదాహరణగా చెబుతున్నాను.