తేలిక మాటకే నిఘంటువు

ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు నిఘంటువు తీసేది కష్టమైన మాట తగిలినప్పుడే. నోరు తిరగని మాటైతే అర్థం వెతికి, నోట్సులో రాసుకుని, కింద గీత కూడా గీస్తారు. ‘రన్’ లాంటి మాట కోసం మాత్రం ఎవరూ పుస్తకం తెరవరు. ఒకటో తరగతిలోనే వచ్చేసిన మాటలో మళ్లీ చూసేదేముంది అనుకుంటారు. ఏళ్ల తరబడి అనువాదాలు దిద్దుతున్న నాకు తప్పులు ఎక్కువగా కనిపించేది ఈ తేలిక మాటల దగ్గరే. పెద్ద మాటకు తరచూ ఒకటో రెండో అర్థాలుంటాయి, చూసి రాస్తే పని తీరుతుంది. చిన్న క్రియ అంత సులువుగా చేతికి చిక్కదు.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 కూర్పులో అన్నిటికంటే ఎక్కువ చోటు తీసుకున్న మాట ‘సెట్’. తర్వాత సవరణలు చేసుకుంటూ ‘రన్’ దగ్గరికి వచ్చేసరికి, ఆ ఒక్క క్రియకే పీటర్ గిలివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. చివరికి తేలిన అర్థాలు 645. దాంతో ‘సెట్’ వెనకబడింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ‘టేక్’కు 134 అర్థాలు ఇచ్చాడంటే, చిన్న క్రియల భారం అప్పటికే తెలిసిందన్నమాట.

‘రన్’కు అన్ని అర్థాలు ఎక్కడివి? కాళ్లతో పరుగెత్తడం సరే. నది పారినా ఇదే మాట, ముక్కు కారినా ఇదే, ఉతికితే చీర రంగు దిగినా ఇదే. యంత్రాలు వచ్చాక ఇంజనూ రైలూ, ఆ తర్వాత కంప్యూటర్ ప్రోగ్రామూ దీని కిందికే చేరాయి. కంపెనీ నడపడం, పత్రికలో వార్త వేయడం, ఒంట్లో జ్వరం ఉండటం, చేతిలో డబ్బు అయిపోవడం కూడా ఈ మూడక్షరాల మాటతోనే చెబుతారు. క్రికెట్‌లో సిక్సర్ కొట్టినవాడు అడుగు కదపకపోయినా ఖాతాలో ఆరు పరుగులు పడతాయి.

ఎన్నికల వార్తల్లో నాకు బాగా ఇష్టమైన తేడా ఒకటుంది. అమెరికాలో అభ్యర్థి పదవి కోసం ‘రన్’ చేస్తాడు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ చేస్తాడు. ఒకరిది పరుగు, ఇంకొకరిది నిలబడటం, చేసే పని ఒక్కటే. మన ఊళ్లలో ‘ఆయన సర్పంచిగా నిలబడ్డాడు’ అంటాం. ఇంత చక్కటి మాట చేతిలో ఉండగా, అమెరికా వార్త రాసేటప్పుడు ‘అధ్యక్ష పదవికి పరుగు’ అని ఎందుకు రాయాలి? నేనైతే కొట్టేస్తాను.

నిజానికి ఒకే క్రియ ఇన్ని పనులకు పనికొచ్చే ఈ గుణం తెలుగువాళ్లకు కొత్త కాదు. ‘వేయు’ సంగతే చూడండి. ఓటు వేస్తాం, ముగ్గు వేస్తాం, తలుపు వేస్తాం, నాట్లు వేస్తాం, కోర్టులో కేసు వేస్తాం. ఇవన్నీ మనం చేసే పనులు. ‘ఆకలి వేస్తోంది’, ‘చలి వేస్తోంది’, ‘భయం వేస్తోంది’ అనేసరికి అదే క్రియ మనల్ని కర్త స్థానం నుంచి లేపి ‘నాకు’ అనిపిస్తుంది. ‘వేయు’ అంటే ‘విసురు’ అని ఎక్కడో చదివి ‘ఓటు విసిరాను’ అన్నవాణ్ని మనం అక్కడికక్కడే సరిదిద్దుతాం. ఇంగ్లిష్‌వాళ్లూ అంతే. ఓటును ‘కాస్ట్’ చేస్తారు గానీ ‘త్రో’ చేయరు, రెండు మాటలకూ విసరడమనే అర్థం ఉన్నా సరే.

పర్యాయపదాల పుస్తకం పట్టుకున్నవాళ్లు జారేది సరిగ్గా ఇక్కడే. పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు తన 73వ ఏట, 1852లో, థిసారస్ అచ్చు వేయించాడు. మన బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు వెలువడిందీ ఆ ఏడాదే. రోజే మాటల్ని భావాల వారీగా పేర్చాడు. మనసులో భావం ఉండి మాట తట్టనివాడికి ఆ పుస్తకం సాయం. ఒక మాట తీసి ఇంకోటి పెట్టడానికి వాడితే చిక్కులు మొదలవుతాయి. ఆమె హోటల్ ‘రన్’ చేస్తోందంటే దాని బాగోగులు ఆమెవి. ‘మేనేజ్’ చేస్తోందంటే యజమాని వేరొకరు కావచ్చు. ‘ఆపరేట్’ యంత్రాలకూ బస్సు సర్వీసులకూ నప్పుతుంది. ‘కండక్ట్’ పరీక్షలకూ సర్వేలకూ సరిపోతుంది, హోటల్‌కు అతకదు. కాళ్ల పరుగులోనూ ఇదే వరస. ‘జాగ్’ ఆరోగ్యం కోసం, ‘ఫ్లీ’ ప్రాణభయంతో, ‘బోల్ట్’ బెదిరిన గుర్రంలా ఒక్క ఉదుటున. మనం ఉరకడాన్నీ పారిపోవడాన్నీ దౌడు తీయడాన్నీ కలిపేయం కదా.

ఈ ఇబ్బందిని పరాయి భాషగా ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల వైపు నుంచి చూసినవాడు ఏ.ఎస్. హార్న్‌బీ. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెబుతూ, మరో ఇద్దరితో కలిసి ఆయన చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. ఏ క్రియ వాక్యంలో ఎలా కుదురుతుందో నమూనాలతో చూపించాడు. మన ఇళ్లలో కనిపించే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే.

దాన్ని నేను చదివే పద్ధతి ఇది: ముందు అర్థాలు వదిలేసి ఉదాహరణ వాక్యాలే చదువుతాను. క్రియ పక్కన ఏ నామవాచకం కూర్చుందో చూస్తాను. ‘రన్ ఎ బాత్’ అని ఉంది. స్నానమేమిటి, పరుగేమిటి? కుళాయి తిప్పితే నీళ్లు పారతాయి, తొట్టి నిండుతుంది. అంటే స్నానానికి నీళ్లు పట్టడం. ఈ ‘పట్టడం’ తడితే అనువాదకుడి పని పూర్తయినట్టే, మనం బిందెలు పెట్టి పట్టేదీ ఆ నీళ్లనే కాబట్టి.

ఇంగ్లిష్ చెప్పే మాస్టార్లకూ టీచర్లకూ నా విన్నపం ఒకటే. ఈ వారం పిల్లలకు పది కొత్త మాటలు ఇవ్వకండి. ‘గెట్’, ‘పుట్’, ‘టేక్’లలో ఏదో ఒక్కటి ఇచ్చి, నిఘంటువులో దాని కిందున్న వాక్యాలన్నీ మొదటి నుంచి చివరి దాకా పైకి చదివించండి.