రాయి వెనక చెయ్యి

పుణె శివార్లలోని వాఘోలి క్వారీల్లో దొరికే కావన్‌సైట్ ఖనిజాన్ని అందరూ ముందువైపు నుంచే చూస్తారు. తెల్లని స్టిల్బైట్ పలుకుల మీద చిక్కటి నీలి సూదులు గుండ్రంగా విచ్చుకుని ఉంటే చూపు ఇంకెటు పోతుంది? ఆ నీలం వెనేడియం చలవ. నమూనాను వెనక్కి తిప్పితే మాత్రం పనివాడి చెయ్యి తెలుస్తుంది.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన దక్కన్ లావాలో చిక్కుకున్న బుడగలు, రాయి గట్టిపడ్డాక గుల్లలుగా మిగిలాయి. ఆ రాతిలో ఊరిన ఖనిజాల నీళ్లే గుల్లల్లో ఈ పలుకుల్ని పేర్చాయి. క్వారీ తవ్వేది కంకర కోసం. మందు పేలితే నల్లరాయి బద్దలవుతుంది. లోపలి పలుకులు చాలావరకు ఆ అదురుకే రాలిపోతాయి. రాలకుండా మిగిలిన గుల్లను పసిగట్టి, పలుకు జోలికి పోకుండా దాని చుట్టూ ఉన్న రాతిని ఉలితో సడలించాలి. మహారాష్ట్ర రాతి క్వారీల్లో తరతరాలుగా ఉలి పట్టినవాళ్లలో వడార్లు ఉన్నారు. వాళ్లు మన వడ్డెరల చుట్టాలే, ఇళ్లలో తెలుగు యాస ఇంకా వినిపిస్తుంది.

కడగడం ఇంకో పరీక్ష. కావన్‌సైట్ కాఠిన్యం మోస్ కొలమానంలో 3, 4 మధ్యే. గాజు కన్నా మెత్తన. పైన పట్టిన కాల్సైట్‌ను కరిగించే ఆమ్లం కింది స్టిల్బైట్‌నూ పాడుచేస్తుంది. అందుకే నీళ్లు, మెత్తటి కుంచె, ఓపిక. దూది ఉండలాంటి ఓకెనైట్ ఖనిజమైతే వేలు తగిలినా అణిగిపోతుంది.

అసలు నేర్పు రాతిని ఎంత ఉంచాలో తెలియడంలో ఉంది. ఎక్కువ ఉంచితే నీలం మూల నక్కుతుంది. మరీ చెక్కేస్తే అది పుట్టిన చోటి గుర్తే పోతుంది. రంపంతో కోసిన అడుగు నిలకడగా కూర్చుంటుంది, నిజమే. నాకు మాత్రం నేర్పుగా విరిచిన గరుకు అంచే ఇష్టం. రాలిన పువ్వును వేరే రాతికి అతికించి అమ్మేవాళ్లూ ఉన్నారు. అతినీలలోహిత దీపం కింద చాలా జిగుర్లు మెరిసి గుట్టు విప్పుతాయి. చెప్పి అతికిస్తే మరమ్మతు అనొచ్చు, చెప్పకపోతే మోసమే.

షిర్డీ నుంచి నాసిక్ వెళ్లే మనవాళ్లు సిన్నర్‌లో ఆగి గార్గోటి ఖనిజాల మ్యూజియం చూడండి. రంగులు ఎలాగూ కళ్లు లాగుతాయి. రాతి అంచుల్నీ కాసేపు పరిశీలించండి.