అరవై బల్బూ తొమ్మిది వాట్ల ఎల్ఈడీ

తమిళనాడులోని ధర్మపురి బజారులో కరెంటు సామాన్ల కొట్టు ముందు కాసేపు నిలబడితే చాలు. "అరవై బల్బు ఇయ్యప్పా" అంటాడు ఒక పెద్దాయన. కొట్టతను తొమ్మిది వాట్ల ఎల్ఈడీ చేతిలో పెట్టి, "దానికి ఇది సమానం" అంటాడు. ఇద్దరూ తినే తిండిని చూసి చేసే పనిని అంచనా కడుతున్నారు. వాట్లు బల్బు లాగే కరెంటు లెక్క. వెలుతురు లెక్క ల్యూమెన్లు.

పాత అరవై బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు, తొమ్మిది వాట్ల ఎల్ఈడీ సుమారు 900. రోజుకు 5 గంటల చొప్పున 60 రోజులు వెలిగిస్తే పాతదానికి 18 యూనిట్లు, కొత్తదానికి 2.7. రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితంగా వచ్చే తమిళనాడు ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. ఇంతవరకూ పాతది చిత్తుగా ఓడింది.

అయితే దాని నెత్తిన అచ్చేసిన 230 వోల్టులను ఎవరూ చదవరు. మిగతా అంకెలన్నీ ఆ షరతుకు లోబడినవే. వోల్టేజి 207కి దిగితే వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది, ఆయుష్షు సుమారు నాలుగింతలవుతుంది. 253కి ఎక్కితే ఆయుష్షులో మూడో వంతు కూడా మిగలదు. 1924లో బల్బు కంపెనీలు కూటమి కట్టి బల్బు ఆయుష్షును 1000 గంటలకు గిరిగీసిన మాట నిజమే, అందులో దురాశా ఉంది. కానీ ఎక్కువ కాలం బతికే ఫిలమెంట్ మసకగా వెలుగుతుందన్నదీ అంతే నిజం.

బోరు మోటార్లు ఆడే వేళ లైను చివరి ఇంట్లో పాత బల్బు ఎర్రబడేది. ఆ ఇంటికి వోల్టు మీటరు అదే. ఎల్ఈడీ లోపల కరెంటును సరిచేసే డ్రైవర్ అనే భాగం ఆ లోటును చాలావరకు కప్పేస్తుంది. పెట్టె మీది 25,000 గంటలను మాత్రం నేను పూర్తిగా నమ్మను. దీపం కన్నా ముందు డ్రైవరే వేడికి పోతుంటుంది.

రంగులు చూపడంలో పాతదానికి నూటికి నూరు, ఎల్ఈడీకి సాధారణంగా 80. అయినా ముదురు నీలం చీరనూ నల్లచీరనూ పాత బల్బు కింద విడదీయడం కష్టం. ఆ పసుపు వెలుగులో నీలం పాలు తక్కువ మరి.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం జీరో బల్బుది. పేరుకు సున్నా, లాగేది 15 వాట్ల దాకా!

నా ఓటు ఎల్ఈడీకే. కొనేముందు పెట్టె తిప్పి, అది ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో చూడండి.