తెర పట్టే చోటు

మా నాటకంలో తండ్రి పొలం కాగితాల మీద సంతకం పెట్టే ఘట్టం ఉంది. హాల్లో ఆడినప్పుడు సంతకానికి ముందు ఆయన చేతిలోంచి పెన్ను జారిపడుతుంది. చివరి వరుసకు వేళ్ల వణుకు కనబడదు కాబట్టి పెన్ను పడాల్సిందే. అదే నాటకం ఈమధ్య ఓ పల్లెలో బడి ఆవరణలో వేశాం. మూడు వైపులా చాపల మీద జనం. నటుడికీ వాళ్లకూ రెండు బారల దూరం. రిహార్సల్లో పెన్ను పడగానే అబద్ధంలా తోచింది, తీసేశాం. సంతకం అయ్యాక పెన్నుకు మూత పెట్టబోయి రెండుసార్లు తడబడతాడు, అంతే. ముందు చాపల మీద గుసగుసలు ఆగిపోయాయి.

చోటు మారితే సెట్టు కుదించుకోవాలి, లైట్లు తగ్గించుకోవాలి అంటారు. అది ఒక పూట పని. దూరం మారితే మాత్రం ప్రతి కదలికనూ మళ్లీ వెతుక్కోవాలి. నాటక పరిషత్తు పోటీల్లో ఆడి ఆడి మాకు వేలాడే మైకులు ఒంటికి పట్టేశాయి. ముఖ్యమైన మాట రాగానే కాళ్లు మైకు కిందికి నడుస్తాయి. మైకు లేని ఆవరణలోనూ నడిచాయి. ఆ అలవాటు వదలడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది.

చోట్లు మారుతూ ఆడటం మాతో మొదలవలేదు. 1885లో కడప సీమలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి సమాజం వాళ్లు పందిరీ తెరలూ వెంటబెట్టుకుని ఊరూరా తిరిగారు. ఏ ఊరికి వెళ్లినా రంగస్థలం వాళ్లదే. కూచిపూడి భాగవతులకు ఆ బరువు కూడా అక్కర్లేకపోయింది. ఇద్దరు తెర పట్టుకుంటే చాలు, సత్యభామ దాని మీదుగా జడ వేసి ప్రవేశించేది. వింగుల్లేని మా ఆవరణకు ఆ తెరే దారి చూపింది. ఇద్దరు కుర్రాళ్లు పంచె పట్టారు, దాని వెనకాల ఇల్లు కాస్తా రిజిస్ట్రారు ఆఫీసయింది.

నిష్క్రమణకే అది చాల్లేదు. ఇల్లు వదిలిపోయే కొడుకు పంచె వెనక్కి వెళ్తే పక్క గదిలోకి పోయినట్టుంది. అందుకని జనం మధ్య నుంచి నడిపించాను. భుజాన సంచితో వస్తుంటే ఓ పెద్దావిడ కాళ్లు ముడుచుకుని దారిచ్చి, "చీకటి, చూసుకుని పో నాయనా" అంది.

తర్వాతి వారం పట్నంలో హాలు. అక్కడా నడవలోంచే పంపాను. జనం తలలు తిప్పి అతన్ని చూస్తూ, స్టేజి మీద తండ్రి మొహాన్ని వదిలేశారు. ఇప్పుడు హాల్లో కొడుకు మళ్లీ వింగులోకే వెళ్తున్నాడు. తండ్రి అటువైపు చూస్తూ నిలబడే సేపు మాత్రం పెంచాను.