పరిగె దాకా చదవాలి

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయిపోయాక మా బండి ఆత్మకూరు వైపు చాలా చర్చిల్లో వాగ్దానం కార్డు చేతిలో పెడతారు. ఏడాదంతటికీ ఒక్క వచనం. బీరువా తలుపుకు అంటిస్తాం, ఫోన్లో స్టేటస్ పెడతాం. నాకూ ఇష్టమే. కాకపోతే ఆ కార్డుల్లో వచ్చేవన్నీ దీవెనలే. కూలివాడి డబ్బు తెల్లారేదాకా దగ్గర పెట్టుకోవద్దనే మాట ఎవరి కార్డులోనూ నేను చూళ్లేదు.

ఆ మాట లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. అక్కడికి చేరాలంటే రోజూ వరుసగా చదువుకుంటూ రావాల్సిందే. బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుంది. జనవరి 1న ఆదికాండం పట్టుకున్నవాళ్లు ఫిబ్రవరి మొదటి వారానికి లేవీయకాండంలో ఉంటారు. చాలామంది చతికిలబడేదీ అక్కడే. బలులు, కొవ్వు, కుష్ఠు మచ్చలు... మనకెందుకొచ్చిన గొడవ అనిపిస్తుంది. ఓపిక పడితే, చేను అంచులదాకా కోయకుండా, రాలిన పరిగె ఏరకుండా పేదలకు వదిలేయమనే ఆజ్ఞ తగులుతుంది. మార్చి మధ్యకు రూతు వస్తుంది. బోయజు చేలో ఆమె ఏరింది యవలు, కుందూ నది పక్క మావాళ్లు ఏరింది వరి. లేవీయకాండం ఎగ్గొట్టినవాడికి బోయజు దయగల ఆసామి. చదివినవాడికి ఆ పరిగె రూతు హక్కని కూడా తెలుస్తుంది.

మా జేజి బడి మొహం చూడలేదు. తెలుగులో కొత్త నిబంధన 1818 నాటికే అచ్చయినా, నంద్యాల, ముత్యాలపాడు వైపు ఎస్పీజీ మిషన్ వచ్చాకే మా పేటలకు అక్షరం దారి పట్టింది. అదీ అందరికీ అందలేదు. జేజి మాత్రం రాత్రి కుటుంబ ప్రార్థనలో తలా ఒక వచనం చదివేటప్పుడు పక్కనుంచి చూసి నేర్చుకుంది. అక్షరం కింద వేలు పెట్టి, యె... హో... షా... పాతు అని లాగేది. అప్పుడు చదువుతున్నది దినవృత్తాంతాల మొదటి గ్రంథం. ఏప్రిల్ ఎండలు, కరెంటు లేదు, తొమ్మిది అధ్యాయాల నిండా పేర్లే.

"దాటేద్దాం జేజీ, అన్నీ పేర్లే గదా" అన్నాను.

"పేర్లంటే మనుషులు గాదా? మీ జేజినాయన నాయన పేరేందో చెప్పు చూద్దాం."

నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. ఏ పట్టాలోనూ, ఏ శాసనంలోనూ లేని పేరు అది. మళ్లీ వేలు పెట్టి మొదలుపెట్టింది. ఆ తర్వాత నేను ఆ అధ్యాయాలు దాటేయలేదు.

రోజూ వాక్యం చదివితే మనశ్శాంతి వస్తుందని ప్రసంగాల్లో చెబుతుంటారు. వస్తుంది, కొన్నాళ్లు. కొన్నాళ్లు ఏమీ రాదు, నిద్ర వస్తుంది. నన్నడిగితే అంతకంటే పెద్ద మేలు వేరే ఉంది. మనం ఎంచుకోని మాట మన ముందుకొస్తుంది. సంతోషంగా ఉన్ననాడు ఏడుపు, కోపంగా ఉన్ననాడు శత్రువును ప్రేమించమనే ఆజ్ఞ.

కుందూ పొంగి వరి మునిగిన ఏడు, రాత్రిపూట రోజుకో కీర్తన చదువుతున్నాం. ఆ రోజు వంతు 88. కీర్తనల్లో మొర పెట్టినవాడు చాలాసార్లు చివరికి స్తుతిస్తాడు. ఇది మాత్రం చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. దేవుడి మీద అంత నిష్ఠూరం దేవుడి పుస్తకంలోనే ఉందని నాకు అప్పుడే తెలిసింది. మా నాయన చదవడం ముగించి, ప్రార్థన ఎవరికీ అప్పజెప్పకుండా, ఎరువుల అంగడి బాకీ ఎంతుందో పైకే చెప్పుకున్నాడు. అమ్మ దానికి ఆమెన్ అంది. మర్నాడు 89. అది 52 వచనాలు, జేజి వంతు వచ్చినప్పుడల్లా ఇంకాస్త ఆలస్యమయింది.